చేనేతను నిలబెట్టేది డిజైనా, కూలీయా?

పడుగుపేక:
నేను డిజైన్ చదువుకుని ఆరేళ్ళుగా పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళతో పనిచేస్తున్నాను. ఎక్కడికెళ్ళినా చేనేత అనగానే సబ్సిడీ, రుణమాఫీ మాటలే వినిపిస్తాయి. నా అభిప్రాయం వేరు. డిజైన్ సరిగ్గా ఆలోచిస్తే చేనేత తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. డిజైన్ అంటే అంచు మీద ఏనుగు వేయాలా, చిలక వేయాలా అన్నది కాదు. పత్తి ఎక్కడిది, రంగు ఏది, ఎవరి చేతికి ఎంత పని, చీర ఎవరికి అమ్మాలి, ఇదంతా కలిపి ముందే ఆలోచించడం. మల్ఖా అనే నూలు చేనేత బట్ట చూడండి. మామూలుగా గింజ తీసిన పత్తిని బేళ్ళుగా అదిమేస్తారు, మిల్లులో మళ్ళీ విడదీస్తారు. మల్ఖా వాళ్ళు ఆ బేలు దశనే తీసేశారు. చిన్న యూనిట్లలో నూలు వడికి, సహజ రంగులు వేసి మగ్గానికి ఇస్తారు. గుంట మగ్గానికి కరెంటే అక్కర్లేదు. పర్యావరణానికి ఇంతకంటే మేలు చేసే బట్ట ఏముంది? అందరూ చెప్పండి.

చీరల_బేరం:
అమ్మా, నేను 22 ఏళ్ళుగా చీరల కొట్టు నడుపుతున్నాను. వచ్చినవాళ్ళు పత్తి ఎక్కడిదని అడగరు, ఎంత అని అడుగుతారు. పోచంపల్లి పట్టు పది వేలంటే, పక్క కొట్లో అదే డిజైన్ 900కే ఉందంటారు. అది పాలియెస్టర్ ప్రింటు. కొత్త డిజైన్ మగ్గం దిగిన నెలలోపే దాని ప్రింటు నా కళ్ళ ముందే అమ్ముడుపోతోంది. పోచంపల్లికి 2005లోనే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అది పేరును కాపాడుతుంది గానీ గళ్ళనూ గీతలనూ కాపాడదు.

అమ్మమ్మ_చీరలు:
ప్రింటుకూ నేతకూ తేడా ఎలా తెలుస్తుంది? న్యూజెర్సీలో ఉంటాను. ఫోటో చూసి కొని రెండుసార్లు మోసపోయాను.

మగ్గంగుంట:
వెనక వైపు ఫోటో కూడా అడగండక్కా. ఇక్కత్‌లో (పోచంపల్లి నేత అదే) నేయకముందే దారానికి రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింటులో చాలావరకు గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనక వెలిసిపోయి ఉంటుంది.

ఇక పడుగుపేక గారికి. 2019-20 చేనేత గణన లెక్కల్లో దేశంలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల ఆదాయం నెలకు 5000 లోపే. వాళ్ళందరి డిజైన్లూ తప్పేనా? మా అమ్మ ఇరవై ఏళ్ళకు పైగా చేత్తో ఆసు పోసింది, అంటే నేయకముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పింది. ఒక్క చీరకు ఆ చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు దగ్గర దగ్గర 9000 సార్లు తిరగాలి. ఇప్పుడు ఆమె కుడి భుజం పైకి లేవదు. జడ మా అక్క వేస్తుంది. ఆమెకు కావలసింది డిజైన్ కాదు, చేసిన పనికి కూలీ.

పడుగుపేక:
అమ్మగారి గురించి చదివి బాధ కలిగింది. కానీ నా మాటకు మీరే సాక్ష్యం ఇచ్చారు. ఆ బాధను తీర్చింది ఏమిటి? చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం. వాళ్ళ అమ్మ లక్ష్మి గారు భుజం నొప్పితో పడే అవస్థ చూసి, 1992 నుంచి 1999 దాకా కష్టపడి తయారుచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నేను డిజైన్ అంటున్నది దీన్నే.

మగ్గంగుంట:
అది యంత్రం. డిజైన్ కాదు. ఆయన ఆరో తరగతితో బడి మానేసిన నేతగాని కొడుకు. ఆ ఏడేళ్ళూ అప్పులు చేసి, నలుగురితో మాటలు పడి చేశారు. అప్పుడు దాన్ని డిజైన్ అన్నవాళ్ళు ఎవరూ లేరు. పేరొచ్చాక మీ ఖాతాలో వేసుకుంటున్నారు.

పడుగుపేక:
ఖాతాలో వేసుకోవడం ఏమిటండీ? డిగ్రీ ఉంటేనే డిజైనర్ అని నేను అనలేదు. పని ఎక్కడ ఆగిపోతోందో చూసి, దాన్ని మార్చి చూపించడమే డిజైన్. మన దగ్గర ఇది కొత్త కూడా కాదు. తేలియా రుమాలు తీసుకోండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి ఎరుపు, నలుపు రంగుల్లో నేసేవాళ్ళు. అరబ్బు దేశాలకు పోయేది. అక్కడ గిరాకీ తగ్గాక దారానికి ముళ్ళు కట్టి రంగు వేసే అదే చిటికి పనిని చీరల మీదికి తెచ్చారు. 1970ల్లో నూలు నుంచి పట్టుకు మారారు. ఆ మార్పు రాకపోతే ఈ రోజు పోచంపల్లి పేరు ఎవరికి తెలిసేది? ఎవరికి అమ్మాలి, దేనితో నేయాలి అని ముందుగా ఆలోచించబట్టే కదా?

చీరల_బేరం:
పట్టుకు మారడం వల్లే నాబోటివాళ్ళు కొట్లు పెట్టుకోగలిగారు. ఈ మాట ఒప్పుకుంటాను.

మగ్గంగుంట:
కొట్లు పెట్టుకున్నారు, నిజమే. మరి మగ్గం మీద ఉన్నవాడు ఏమయ్యాడు? నూలు మీద నేసేటప్పుడు ముడిసరుకు అప్పో సప్పో చేసి తనే కొనుక్కోగలిగేవాడు. పట్టు ధరకు ఆ స్తోమత పోయింది. పట్టు ఇచ్చేది మాస్టర్ వీవర్ (కూలికి నేయించుకునే ఆసామి), గ్రాఫ్ (గళ్ళ కాగితం మీద గీసిన డిజైన్) ఇచ్చేది మాస్టర్ వీవర్, చీర తీసుకుపోయేదీ ఆయనే. మా నాన్న సొంతంగా నేసినవాడు, కూలికి నేసేవాడయ్యాడు. మీరు పెద్ద మార్పు అని చెబుతున్నది మా ఇంట్లో ఇలా జరిగింది.

కోర్టుమెట్లు:
డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేసుకుంటే పదేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు రక్షణ ఉంటుంది. ఎందుకు చేయరు?

చీరల_బేరం:
బయట చూపించకముందే చేయాలి కదండీ. ప్రతి చీరకూ దరఖాస్తు పెట్టాలా? ప్రింటువాడు ఒక గీత జరిపి వేరే డిజైన్ అంటాడు. వాడి మీద కేసు వేసి కోర్టుకు ఎవరు తిరుగుతారు?

కోర్టుమెట్లు:
ప్రతి చీరకూ కాదు. సొసైటీ పేరు మీద ముఖ్యమైనవి చేయవచ్చు.

పడుగుపేక:
రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత. మగ్గంగుంట గారూ, మీ మాటల్లో నాకు వినిపిస్తున్నది ఒకటే, ఏమీ మార్చొద్దని. నేను గ్రాఫ్ ఇచ్చి వస్తే ఆరు నెలలు అటక మీద పెట్టిన ఇళ్ళున్నాయి. అడిగితే "చూద్దాం మేడం" అంటారు. పాత గళ్ళే నేస్తామంటే కొనేవాళ్ళు విసిగిపోరా? మార్పు వద్దనుకుంటే మగ్గాన్ని మ్యూజియంలో పెట్టుకోవాల్సిందే. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మగ్గంగుంట:
సరే, నేనూ మొహమాటం లేకుండా చెబుతాను. ఆ గ్రాఫ్ అటక ఎందుకెక్కుతుందో ఎప్పుడైనా అడిగారా?

నాలుగేళ్ళ కింద ఒకామె సిటీ నుంచి మా ఇంటికొచ్చింది. మంచిగా మాట్లాడింది, మా ఇంట్లో అన్నం తిన్నది. పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) మీద చిటికి వచ్చే గ్రాఫ్ ఇచ్చి, "ఒక్క శాంపిల్ చేయండి, నచ్చితే యాభై చీరల ఆర్డర్" అన్నది. పడుగు డిజైన్‌కు ఒక్క చీర శాంపిల్ అనేది ఉండదు. పడుగు పోస్తే ఏడెనిమిది చీరలకు పోయాలి. మొత్తానికీ గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరుతో ముళ్ళు కట్టి, రంగు వేసి, విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగు వేయాలి. ఆమె గ్రాఫ్‌లోనే లెక్క తప్పింది, రెండుసార్లు కట్టాం. పట్టుకు నాన్న వడ్డీకి తెచ్చాడు. మగ్గం ఎక్కకముందే ఇంట్లో ముగ్గురి పని 26 రోజులు. ఆమె ఒక చీర తీసుకుపోయి ఒక చీర కూలీ ఇచ్చింది. తర్వాత ఫోన్ ఎత్తలేదు. మిగిలిన ఆరింటినీ "ఈ రంగులు పోవు" అని మాస్టర్ వీవర్ వచ్చిన ధరకు తీసుకున్నాడు. ఏడాది తర్వాత ఒక ఎగ్జిబిషన్ ఫోటోలో అదే చీర చూశాను. కింద ఆమె పేరు ఉంది. మా నాన్న పేరు లేదు, ఊరి పేరూ లేదు.

మా నాన్న మార్పు వద్దనే మనిషి కాదు. ఇప్పుడు ఎవరు గ్రాఫ్ తెచ్చినా "చూద్దాం మేడం" అంటాడు.

నల్లగొండ_బిడ్డ:
మా మేనమామ ఇంట్లోనూ ఇదే జరిగింది.

పడుగుపేక:
నిన్న రాత్రి చదివాను, వెంటనే జవాబు రాయలేకపోయాను. అందరు డిజైనర్లనూ ఒకే గాటన కట్టొద్దని రాయబోయాను. ఆగి నా పాత లెక్కల పుస్తకం తీసి చూశాను. పేక (అడ్డదారం) డిజైన్లకు శాంపిల్ విడిగా కూలీ ఇచ్చాను. పడుగు డిజైన్లు మూడు చేయించాను. నచ్చిన చీరలకే డబ్బు ఇచ్చాను. మిగతావి ఏమయ్యాయో నాకు తెలియదు, అడగలేదు. ఇది నా తప్పు.

కానీ నా వైపు కూడా వినండి. నేను కొట్లకు ఇచ్చే సరుకుకు డబ్బు చీర అమ్ముడుపోయాకే వస్తుంది. ఎనిమిది నెలలు ఆగినవి ఉన్నాయి. నా దగ్గర డబ్బు ఉండి మీకు ఇవ్వక కాదు.

చీరల_బేరం:
కొట్టువాడి మీదికి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అవును, కొత్త డిజైన్‌ను అమ్మాకే డబ్బు అనే షరతు మీదే తీసుకుంటాను. నాకు అద్దె ఉంది, జీతాలు ఉన్నాయి. అమ్ముడుపోని చీర మడత దగ్గర రంగు మారితే ఆ నష్టం నాదే. పాత రకాలకు మాత్రం రొక్కం ఇస్తాను, ఎవరినైనా అడగండి.

మగ్గంగుంట:
అంటే కొత్తదానికి మీరు రొక్కం పెట్టరు. మేడం పెట్టలేరు. పెట్టింది మా నాన్న, వడ్డీకి తెచ్చి. ముగ్గురిలో తక్కువ డబ్బు ఉన్నవాడి మీదే కొత్తదాని భారమంతా పడింది. పత్తి, రంగు, అమ్మకం అన్నీ కలిపి ఆలోచించడమే డిజైన్ అని మొదట రాశారు కదా మేడం, ఈ లెక్క అందులో ఎక్కడుంది?

పడుగుపేక:
లేదు. ఉండాల్సింది. ఇక మీద పడుగు డిజైన్ అయితే ఏడు చీరలకూ నేనే పట్టు కొనిస్తాను. గ్రాఫ్ గీసే రోజు నుంచి కూలీ రోజుల లెక్కన ఇస్తాను, చీర నచ్చినా నచ్చకపోయినా. అలా చేస్తే ఏడాదికి ఆరు చేసేదాన్ని రెండే చేయగలను. రెండే చేస్తాను. చీరకు కట్టే చీటీ మీద నేసినవాళ్ళ పేరు, ఆసు పోసినవాళ్ళ పేరు కూడా ఉంటాయి.

చీరల_బేరం:
రెండు డిజైన్లతో కొట్టు నడవదమ్మా. పైగా ఆ ఖర్చంతా చీర ధరలోకే వస్తుంది. పది వేలది పన్నెండు అవుతుంది. మళ్ళీ 900 ప్రింటు దగ్గరికే వచ్చాం.

అమ్మమ్మ_చీరలు:
వెనక వైపు ఫోటో, చీటీ మీద పేర్లు ఉంటే పన్నెండు వేలకు నేను కొంటాను.

చీరల_బేరం:
మీలాంటివాళ్ళు నెలకు ఎంతమంది వస్తారు తల్లీ?

మగ్గంగుంట:
మేడం, నాన్నకు చదివి వినిపించాను. పేరు సంగతి విని ఏమీ అనలేదు. పట్టు మీరే కొనిస్తామన్నది మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. గ్రాఫ్ తేవాలంటే దసరా తర్వాత తెమ్మన్నాడు, ఇప్పుడు మగ్గం మీద పడుగు ఉంది. కూలీ విషయంలో నా మాట మాత్రం మారలేదు. మీ రెండు డిజైన్లు మా ఒక్క ఇంటికి సరిపోతాయి. మా వీధిలోనే నలభై మగ్గాలున్నాయి.