పెద్ద చేపలకి 14000 సైజు స్పిన్నింగ్ రీల్: సరగోసానా, స్లామర్ 4నా?

కొత్తగాలం:
పడవ మీద నుంచి పాపర్లు (నీటి మీద చప్పుడు చేసే ఎరలు) వేయడానికి రీల్ కొనాలి. జీటీల (జెయింట్ ట్రెవల్లీ చేపల) కోసం, అదృష్టం బాగుంటే ట్యూనా. స్టెల్లా, సాల్టిగా రీళ్లు నా తాహతుకి మించినవి. షిమానో సరగోసా 14000, పెన్ స్లామర్ 4 మధ్య ఊగిసలాడుతున్నాను. గేర్ రేషియో (హ్యాండిల్ ఒక్క తిప్పుకి ఎన్ని చుట్లు పడతాయో ఆ లెక్క) ఎక్కువుండాలా, తక్కువుండాలా? లోపలికి నీళ్లు పోకుండా చేసే సీలింగ్ వల్ల నిజంగా లాభముందా? డ్రాగ్ (చేప లాగే లైన్‌కి పడే బ్రేకు) కనీసం ఎంతుండాలి?

ఒంటరికెరటం:
డ్రాగ్ 25 కిలోలకి తగ్గకుండా చూసుకో తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. పోయినసారి నా రీల్‌కి డ్రాగ్ చాలకే చేప రాళ్లలోకి దూరింది. డ్రాగ్ నాబ్ తిరగనంత బిగించినా లైన్ పోతూనే ఉంది. పాపర్ కూడా పోయింది. వారం రోజులు నిద్ర పట్టలేదు.

స్పూల్‌సూరి:
పెన్‌లో 14000 అని వెతక్కండి, దొరకదు. అక్కడ అంకెలు 8500, 9500 ఇలా నడుస్తాయి. ఒక కంపెనీ సైజు ఇంకో కంపెనీకి పొంతన ఉండదు. దైవా కంపెనీ అయితే 2020 సాల్టిగాతో తన అంకెలనే మార్చేసింది. స్పూల్ (లైన్ చుట్టుకునే భాగం) మీద మీ లైన్ ఎన్ని మీటర్లు పడుతుందో చూసి కొనండి. నాది స్లామర్ 4. ఐపీఎక్స్6 సీలింగ్, అల మీద పడినా బెంగ లేదు. బరువు మాత్రం ఎక్కువే, సాయంత్రానికి భుజం పడిపోతుంది.

పాతరాట్నం:
25 కిలోలా? ఎప్పుడైనా రాడ్ చివర 12 కిలోలు కట్టి ఎత్తి చూశారా అన్నా? ఇరవై రెండేళ్లుగా రీళ్లు విప్పుతున్నాను, పెట్టె మీద అంకె చూసి మోసపోయినవాళ్లని లెక్కలేనంతమందిని చూశాను. 80 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) అంటే తట్టుకునేది 36 కిలోలు. అందులో మూడో వంతు 12. అంతకు మించి బిగిస్తే ముడి తెగుతుంది, లేదా మీరే నీళ్లలో పడతారు. పైగా లైన్ పోయేకొద్దీ స్పూల్ చుట్టు చిన్నదవుతుంది, మీరు ముట్టుకోకపోయినా డ్రాగ్ పెరుగుతుంది. వ్యాసం సగానికి తగ్గితే రెట్టింపు. 10 కిలోల దగ్గర కుదుపు లేకుండా జారుతోందా లేదా, అదీ చూడాల్సింది.

ఒంటరికెరటం:
మూడో వంతు లెక్క నడిసముద్రంలో ట్యూనాకి చెప్పండి. రాళ్ల పక్కన జీటీకి మొదటి పది సెకన్లే అంతా. నేను స్పూల్‌ని అరచేత్తో అదిమి పట్టాల్సి వచ్చింది. మీ ఇరవై రెండేళ్లూ అక్కడ పనికిరావు.

పాతరాట్నం:
పరిగెత్తే బ్రెయిడ్ మీద చెయ్యి పెట్టారా! వేళ్లున్నాయా?

ఒంటరికెరటం:
ఉన్నాయి. వాటితోనే టైపు చేస్తున్నా.

ఉప్పుచేతులు:
డ్రాగ్ సంగతి సరే, చేప లాక్కుపోతుంటే హ్యాండిల్ తిప్పేవాళ్లకి ఎవరైనా బుద్ధి చెప్పండి. 6:1 రీల్‌లో ఒక్క తిప్పుకి లైన్‌లో ఆరు మెలికలు. మా పడవలో ఒకాయన పావుగంట అలాగే తిప్పాడు, తర్వాతి విసురుకి పక్షిగూడంత చిక్కు. రాడ్ ఎత్తాలి, దించుతూ చుట్టాలి. రీల్ ఉన్నది బావిలో నీళ్లు తోడడానికి కాదు.

స్పూల్‌సూరి:
బెయిల్ (విసిరేముందు తెరిచే తీగ కమ్మీ) కూడా చేత్తోనే వేయాలి. హ్యాండిల్ తిప్పి మూస్తే అక్కడా మెలికలే.

ఉప్పుచేతులు:
అది మరీ చాదస్తం. హ్యాండిల్ తిప్పే మూస్తాను, ఏమీ కాలేదు.

స్పూల్‌సూరి:
ఇప్పటిదాకా కాలేదు.

కొత్తగాలం:
మరి గేర్ రేషియో?

ఉప్పుచేతులు:
పాపర్‌కి ఎక్కువది. ప్రతి కుదుపు తర్వాత వదులైన లైన్‌ని చటుక్కున లాగేస్తుంది. లోతు జిగ్గింగ్‌కి (బరువైన ఎరని కిందికి దించి ఎగరేయడానికి) తక్కువది.

నీలిపడవ:
ఒంటరికెరటం గారూ, ఒక్క ప్రశ్న. బ్రెయిడ్ కింద మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) చుట్టారా? నాకూ అచ్చం ఇలాగే జరిగింది. ఎంత బిగించినా లైన్ పోయేది. డ్రాగ్ వాషర్లు చెడిపోయాయని రీల్ సర్వీసుకిచ్చాను, వాషర్లు మార్చి డబ్బు తీసుకున్నారు. మళ్లీ అదే గోల. చివరికి తేలిందేమిటంటే, నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం గుండ్రంగా జారిపోతోంది. డ్రాగ్ తప్పే లేదు.

ఒంటరికెరటం:
పదేళ్ల నుంచి నేరుగానే కడుతున్నాను. అది కాదు సమస్య.

పాతరాట్నం:
స్పూల్‌ని చేత్తో కదలకుండా పట్టుకుని లైన్ లాగి చూడండి. నిమిషం పని. లైన్ మాత్రం చేతికి చుట్టుకోకండి, చిన్న కర్రకి చుట్టండి.

స్పూల్‌సూరి:
సీలింగ్ గురించి ఒక మాట. సీల్ ఉంది కదా అని పైపు పెట్టి జోరుగా కడగొద్దు, ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా జల్లి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి.

ఒంటరికెరటం:
లాగి చూశాను. స్పూల్ నా చేతిలో కదల్లేదు, పైన బ్రెయిడ్ మాత్రం గాజులా గుండ్రంగా తిరిగింది. మోనో ఎంత చుట్టాలి?

పాతరాట్నం:
పది చుట్లు చాలు. బ్రెయిడ్ తడిగుడ్డతో పట్టి బిగుతుగా ఎక్కించండి. వేళ్లు జాగ్రత్త.