మొగుడి షుగర్‌కి పెళ్లాం కాపలా కాయాలా?

రెండో డికాక్షన్: మా ఆయనకి 52 ఏళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు టెస్ట్, చేయిస్తే 9.4. డాక్టరు ఆ కాగితం నాకు చూపించి "ఏమ్మా, ఇంట్లో ఏం పెడుతున్నారు?" అన్నారు. రెండు పుల్కాలు, తోటకూర పప్పు పెడుతున్నాను మహాప్రభో! మొన్న గొడుగు కోసం బండి డిక్కీ తీస్తే పూతరేకుల పెట్టె దొరికింది. ఒక్కటే మిగిలింది. ఈ కాపలా నా పనేనా? మానేస్తే తప్పా?

గోదావరి గట్టు: కాయాలండీ. మా నాన్నగారికి చెప్పు కరిచి పొక్కు వచ్చింది. షుగర్‌తో పాదాలు మొద్దుబారి నొప్పే తెలియలేదు. చివరికి రెండు వేళ్లు తీసేశారు. ఆ తర్వాత కట్లు కట్టిందీ, స్నానం చేయించిందీ మా అమ్మే. రేపు ఎలాగూ మీ మీదే పడే చాకిరీ, ఈరోజే కాస్త కన్నేసి ఉంచితే ఏం పోయింది?

లెక్కల మాస్టారు: నేను ఆ మొగుడి జాతేనండీ. ఒక పెళ్లిలో పదిమంది ముందు మా ఆవిడ నా విస్తట్లోంచి జాంగ్రీ తీసేసింది. దొంగతిండి ఆ రోజే మొదలైంది. సాయంత్రం బజ్జీలు తిన్నానని దొరికిపోతానేమోనని ఒక రాత్రి అన్నం మానేశాను, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసుకున్నాను. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి బనియన్ తడిసి ముద్దయింది, చేతులు వణుకు. మీటర్లో చూస్తే షుగర్ 52కి పడిపోయింది. ఆవిడే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ వేలు గుచ్చింది. 96 చూశాక ఇద్దరం మంచం మీద కూర్చుని ఏడ్చాం. ఇప్పుడు నా మాత్రలు, నా మీటరు నావే. షుగర్ పడిపోతే ఏం చేయాలో, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని ఆవిడకి తెలుసు. అంతవరకే. పోలీసు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది.

ఉప్పు తక్కువ: అందరూ మొగుళ్ల షుగరే మాట్లాడతారేం? దేశంలో 10 కోట్ల మందికి షుగర్ అని 2023లో వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ల అధ్యయనం చెప్పింది. వాళ్లంతా మగవాళ్లేనా? నాకు ఎనిమిదేళ్లుగా ఉంది. మా ఆయనకి నా మాత్ర పేరు తెలియదు. వాళ్లకి తెల్లన్నం, నాకు విడిగా కొర్రలు, అవీ అందరికీ వడ్డించాక చల్లారినవి. మరి నన్ను కాపలా కాసేదెవరు?

గోదావరి గట్టు: నిజమేనండీ. మా అమ్మకి బీపీ ఉందని నాన్నగారు పోయాకే మాకు తెలిసింది.

చెప్పుకోలేనిది: కొత్త ఐడీతో రాస్తున్నాను. రెండేళ్లు మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎవరైనా ఉన్నారేమోనని దొంగచాటుగా ఫోన్ కూడా చూశాను. షుగర్ నరాల్నీ రక్తనాళాల్నీ దెబ్బతీస్తే అంగస్తంభన తగ్గుతుందని ఎవరు చెప్పారు నాకు? చెకప్‌లో డాక్టరు అడిగితే ఆయన నావైపు చూసి "అలాంటిదేం లేదండీ" అన్నారు. నేనే లేచి బయట కూర్చున్నాను. బయటికొచ్చాక లిఫ్ట్‌లో నా చెయ్యి పట్టుకున్నారు. మందులున్నాయట. గుండెకి నైట్రేట్లు అనే మందులు వాడేవాళ్లు మాత్రం వేసుకోకూడదు, అందుకే డాక్టరుని అడగకుండా కొనొద్దు. ఇన్నాళ్లూ నేను ఆయన ప్లేటే చూస్తూ కూర్చున్నాను. కాపలా మనిషికి ఇలాంటివి ఎవరు చెప్పుకుంటారు?

రెండో డికాక్షన్: ఇది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. రాత్రి డిక్కీ సంగతి అడిగాను, తిట్టలేదు. "బెల్లంవేలే, పంచదారవి కాదు" అన్నారు, అదేదో పథ్యమైనట్టు. వచ్చేసారి ఫైలు ఆయన చేతికే ఇస్తాను. డాక్టరు నన్నడిగితే ఆయన్నే అడగమంటాను. పాదాలు మాత్రం ఆదివారం ఆదివారం నేను చూస్తాను, ఒప్పుకున్నారు. ఉప్పు తక్కువ గారూ, కొర్రలు ఎలా వండుతారో రాయండి, ఇంట్లో అందరికీ అవే పెడతాను.

లెక్కల మాస్టారు: బెల్లమైనా పంచదారైనా మీటరుకి ఒకటేనని చెప్పండి. అన్నట్టు, ఆ మిగిలిన పూతరేకు ఏమైంది?

రెండో డికాక్షన్: నేను తినేశాను.