‘గుత్తునా’, ‘గుచ్చునా’: స్నాప్‌కు తెలుగు మాట

విజయనగరం సభ్యుడు:
పాలిటెక్నిక్ పిల్లల కోసం కీక్యాడ్ (సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) వాడకాన్ని తెలుగులో రాస్తున్నాను. ఎం మీటతో కాంపోనెంటును కదిపితే ట్రాకులు, అంటే బోర్డు మీది రాగి దారులు, ఎక్కడివక్కడే ఉండిపోతాయి, డీ మీటతో లాగితే వెంట వస్తాయి. ఆ రెండింటికీ ‘కదుపు’, ‘లాగు’ సరిపోయాయి. కర్సర్ తనంతట తానే తెర మీది గళ్ల గ్రిడ్ మీదనో, కాంపోనెంటును అతికించే రాగి ప్యాడ్ నడుమనో వచ్చి పడే ‘స్నాప్’ దగ్గర మాత్రం కలం ఆగింది. ‘గుచ్చుకొను’ అనుకోగానే గురజాడవారి ‘గుచ్చునా ముత్యాల సరములు’ నోటికి వచ్చింది. పాదం అదేనా?

నరసన్నపేట సభ్యుడు:
అది ‘గుత్తునా’, మాస్టారూ. ‘చ్చు’ పెడితే నడక కుంటుతుంది. స్నాప్‌కు ‘అతుకు’ చాలు.

శ్రీకాకుళం సభ్యురాలు:
పాఠం మీరు చెప్పినదే గాని, కారణం అది కాదండీ. ‘త్తు’ అయినా ‘చ్చు’ అయినా లఘువే, ముందున్న ‘గు’ గురువే. 3, 4, 3, 4 మాత్రల లెక్క రెండింటితోనూ చెడదు. తేడా వ్యాకరణంలో ఉంది. ‘ఇచ్చు’ నుంచి ‘ఇత్తును’ వచ్చినట్లే ‘గుచ్చు’ నుంచి ‘గుత్తును’ వచ్చింది కనుక, ‘గుత్తునా’ అంటే నేను గుచ్చనా అని, ‘గుచ్చునా’ అంటే అది గుచ్చుతుందా అని. కవి చేతిలోని సూదిని మీ ‘చ్చు’ సాఫ్ట్‌వేర్ చేతికిచ్చింది!

‘అతుకు’ మాత్రం వద్దు. ఒకసారి కంట్రోల్ మీట నొక్కిపట్టి స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ పటంలో, ఒక సింబల్‌ను జరిపాను. అది 50 మిల్, అంటే 1.27 మిల్లీమీటర్ల గ్రిడ్ తప్పింది. తరువాత లాగిన వైరు తెర మీద పిన్నును తాకినట్టే కనిపించింది, కాని పిన్ను కొసన చిన్న వలయం చెరగలేదు. కనెక్షన్ల తప్పులు పట్టే ఈఆర్‌సీ పరీక్ష నడిపాక గాని అవి అతకలేదని నాకు తట్టలేదు. స్నాప్ చోటు చూపుతుంది, అంతే. అతుకన్నది కరెంటు పారే బంధం.

బొబ్బిలి సభ్యుడు:
మా వీణను చూడండి. రెండు మెట్ల నడుమ వేలు ఎక్కడ అదిమినా పలికేది ఒకే మెట్టు స్వరం. స్నాప్ అచ్చంగా అదే. తీగను పక్కకు లాగి గమకం పలికించడం కంట్రోల్ మీట నొక్కి గ్రిడ్ నుంచి విడిపించుకోవడం వంటిది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌కు మెట్లే లేవు, ఆ స్వేచ్ఛ వేరు. నా మాట ‘మెట్టుపడు’.

శ్రీకాకుళం సభ్యురాలు:
గ్రిడ్‌కు ఒప్పుకుంటాను. ప్యాడ్‌కు పట్టుబడే స్నాప్ వేరు, దానిని ఆపేది షిఫ్ట్ మీట. దానికి ‘కరుచుకొను’ నయం. అన్నట్టు, గురజాడవారు నాలుగో పాదంలో చివరి గణాన్ని 2 మాత్రలకు కుదించారు. కంట్రోల్ మీట ఆయన వద్దా ఉండేది.

విజయనగరం సభ్యుడు:
‘కరుచుకొను’ అంటే పిల్లలు కుక్కను తలుచుకుంటారేమోనని సంకోచం. ‘మెట్టుపడు’ రాసి, ప్యాడ్ దగ్గర ఖాళీ ఉంచాను.

నరసన్నపేట సభ్యుడు:
అదంతా సరేగాని, ‘చ్చు’తో పైకి చదివి చూడండి, కుంటుతుంది.