షేడ్‌నెట్ కింద నుంచి తీసిన మిర్చి నారు తెల్లబడింది, మందు కొట్టాలా?

ప్రశ్న:
నమస్తే అండీ. మేడ మీద 50 శాతం షేడ్‌నెట్ కింద మిర్చి నారు పెంచాను. ముదురాకుపచ్చగా బాగా వచ్చింది. మొన్న కుండీల్లోకి మార్చి నేరుగా ఎండలో పెట్టేశాను. ఇప్పుడు పై ఆకుల మీద కాగితంలా తెల్లటి మచ్చలు. కింది ఆకులకు ఏమీ కాలేదు. షాపులో అడిగితే తెగులన్నారు, మందు ఇచ్చారు. ఇంకా కొట్టలేదు. కొట్టమంటారా?

జవాబు:
ఆగండక్కా, కొట్టొద్దు. ముందు ఒకటి చూడండి. ఒక ఆకు మీద ఇంకో ఆకు నీడ పడిన చోట, ఆ నీడ మేరకు పచ్చగానే ఉందా? నీడ అంచు గీసినట్టు కనబడితే అది ఎండదెబ్బే. తెగులైతే నీడ దగ్గర ఆగదు.

లోపల జరిగేది ఇదీ. ఆకు వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వెలుతురు పడితే, మిగిలిన శక్తి ఆక్సిజన్‌కు చేరి దాన్ని ప్రమాదకరంగా మారుస్తుంది. దెబ్బ ముందుగా తగిలేది హరితరేణువులో (ఆకు కణంలో ఆహారం తయారుచేసే పచ్చటి రేణువు) వెలుతురును పట్టి వాడుకునే ఫోటోసిస్టమ్ 2 అనే యంత్రానికి, అందులోనూ డి1 అనే ప్రొటీన్‌కి. మండుటెండలో ఆరోగ్యంగా ఉన్న ఆకులోనూ ఇది పాడవుతూనే ఉంటుంది, గంటలోపే కూడా. అందుకే కణం మొత్తం యంత్రాన్ని పారేయకుండా పాడైన డి1ని మాత్రం కోసి తీసేసి, కొత్తది చేసి అక్కడ పెడుతుంది. కోసే పని ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ఎంజైముది. నాకు మొక్కల్లో అన్నిటికంటే అబ్బురంగా అనిపించేది ఈ మరమ్మతే. పాడయ్యే వేగాన్ని మరమ్మతు అందుకోలేకపోతేనే ఆకు పాలిపోతుంది.

దెబ్బ తగలకుండా కాచుకునే ఏర్పాట్లూ ఉన్నాయి. ఎండ పెరిగిన కొద్ది నిమిషాల్లోనే వయోలాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థం జియాజాంథిన్‌గా మారి, అదనపు శక్తిని వేడిగా వదిలేయడానికి సాయపడుతుంది. హరితరేణువులు కూడా కణంలో పక్క గోడల వైపు జరిగి ఎండకు చాటవుతాయి. హరితరేణువులు ఇలా జరగలేని అరబిడాప్సిస్ (పరిశోధనల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మొక్కల ఆకులు తీవ్రమైన వెలుతురులో మామూలు మొక్కలకంటే ఎక్కువ దెబ్బతిన్నాయని జపాన్ పరిశోధకులు 2002లో చూపించారు.

నీడలో పెరిగిన ఆకు పలచన. దొరికిన కాస్త వెలుతురునూ వదలకుండా పట్టుకునేలా తయారవుతుంది, కాచుకునే సరంజామా తక్కువ. మీ నారుకు వచ్చిన ఇబ్బంది అదే.

మళ్లీ నెట్ కిందే పెట్టండి. ముందు ఉదయపు ఎండ మాత్రమే చూపించి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచండి. మట్టి ఎండనివ్వొద్దు. నీరు చాలకపోతే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ అందదు, అదే ఎండ ఇంకా ఎక్కువైపోతుంది.

ప్రశ్న:
చాలా థాంక్స్ తమ్ముడూ. నీడ గీత స్పష్టంగా ఉంది! మచ్చలు పడిన ఆకులు తుంచేయాలా?

జవాబు:
వద్దక్కా. తెల్లగా ఎండిపోయిన చోట కణాలు చచ్చిపోయాయి, అక్కడ మళ్లీ పచ్చదనం రాదు. పాలిపోయి మెత్తగా ఉన్న భాగం మాత్రం కోలుకోవచ్చు. బాగుచేయలేనంతగా పాడైన హరితరేణువులను కణం తన రిక్తికలోకి (కణంలోని సంచిలాంటి భాగం) లాక్కుని అరిగించుకుంటుంది. ఆకులోని నైట్రోజన్‌లో ఎక్కువ భాగం వాటిలోనే ఉంటుంది, దాన్ని కొత్త చిగుళ్లకు పంపగలదు. సగం పచ్చగా ఉన్న ఆకును తుంచితే ఆ సరుకూ పోతుంది. పూర్తిగా ఎండినవే తీయండి.

ఇంకొకరి ప్రశ్న:
మా దగ్గర జనవరిలో, ఎండ పెద్దగా లేనప్పుడు కూడా టమాటా నారు ఇలాగే పాలిపోయింది. అదెలా?

జవాబు:
చలి రాత్రి తర్వాత పొద్దున్నే నేరుగా ఎండ పడే చోట ఉందా అండీ? వెలుతురు పట్టుకోవడం చలికి తగ్గదు. దాన్ని వాడుకునే ఎంజైములు, డి1 మరమ్మతు మాత్రం నెమ్మదిస్తాయి. అందుకే మామూలు ఎండే ఎక్కువవుతుంది. ఆ నెలలో రాత్రిళ్లు నారు మీద కప్పు వేసి, పొద్దున గాలి కాస్త వేడెక్కేదాకా పలచటి నీడ ఉంచండి.