ఎక్స్‌రేలో కనిపించే మచ్చ పాతదా, కొత్తదా? మీ అనుభవాలు తెలియజేయండి

పెన్నాతీరం:
మా నాన్నగారికి 68 ఏళ్లు. దగ్గు తగ్గడం లేదని మా పట్టణంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ ఉందని చెప్పి, తెమడ పరీక్ష చేయించకుండానే క్షయ అని తేల్చి, ఆరు నెలల మందులు రాసిచ్చారు. అవి మొదలుపెట్టేలోగా అమ్మ బీరువా అడుగు నుంచి 1994 నాటి ఫిల్ము తీసింది. మరో వైద్యురాలు రెండింటినీ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి చూస్తే అదే చోట, అదే ఆకారంలో, అంతే పరిమాణంలో మచ్చ ఉంది. అప్పట్లో ఆయనకు క్షయ వచ్చి నయమైన సంగతి మేమూ చెప్పలేదు, వారూ అడగలేదు. ఇలాంటిది మీలో ఎవరికైనా ఎదురైందా?

చీకటిగది:
నేను 26 ఏళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. లేని మచ్చలు కూడా ఫిల్ము మీద పడతాయండీ. ఒకసారి ఒక అమ్మాయికి ఊపిరితిత్తి పైకొసన నీడ కనిపించింది. చూస్తే భుజం మీదుగా ముందుకు పడిన జడ! ముడి వేయించి మళ్లీ తీస్తే నీడ లేదు. క్షయ ఎక్కువగా కనిపించేదీ ఆ పైభాగంలోనే కాబట్టి, ఆ ఒక్క ఫిల్మే వైద్యుడికి చేరి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను. రోగి ఊపిరి నిండుగా పీల్చకపోయినా అడుగుభాగం మసకబారి న్యుమోనియాలా కనిపిస్తుంది.

శ్వాసవైద్యం:
పైభాగపు నీడలన్నీ క్షయ కావు. రాతి క్రషర్లలో పనిచేసినవారికి వచ్చే సిలికోసిస్, ఒక్కొక్కసారి క్యాన్సర్ కూడా అక్కడే కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 15 ఏళ్లు దాటినవారి ఎక్స్‌రేలను క్షయ కోసం కంప్యూటర్‌తో చదివించవచ్చని సిఫారసు చేసినా, అది అనుమానితులను వడపోయడానికే తప్ప నిర్ధారణకు కాదు. అయితే పెన్నాతీరం గారూ, మచ్చ మారలేదని నిశ్చింతగా ఉండకండి. పాత మచ్చలోనే క్షయ తిరగబెట్టవచ్చు. తెమడలో క్షయ క్రిముల జన్యుపదార్థాన్ని గుర్తించే ట్రూనాట్ పరీక్షతో పాటు, బతికున్న క్రిములను పెంచి చూసే తెమడ కల్చర్ కూడా తప్పక చేయించండి, ఎందుకంటే ఒకసారి క్షయ వచ్చినవారిలో చనిపోయిన క్రిముల అవశేషాల వల్ల కూడా ట్రూనాట్ పాజిటివ్ చూపవచ్చు.

పెన్నాతీరం:
కృతజ్ఞతలు, డాక్టరు గారూ. ట్రూనాట్ నెగటివ్ వచ్చింది. ఈ ఉదయమే కల్చర్‌కు తెమడ ఇచ్చాము, ఫలితానికి ఆరు వారాల దాకా పట్టవచ్చన్నారు. రెండు ఫిల్ములనూ ఒకే కవరులో పెట్టి, అమ్మ పైన తేదీలు రాసింది.