అప్‌డేట్: మా తమ్ముడి మూడ్ మార్పుల గురించి

పోయిన నెల అడిగాను కదా, బైపోలార్ (మూడ్ బాగా పైకీ, బాగా కిందికీ పోయే మానసిక జబ్బు) ఉన్న మా తమ్ముడు పొద్దున హుషారుగా, సాయంత్రానికి డల్‌గా ఉంటున్నాడు, ర్యాపిడ్ సైక్లింగ్ అంటే ఇదేనా అని. కాదట. 12 నెలల్లో 4 లేదా అంతకంటే ఎక్కువ ఎపిసోడ్లు (మూడ్ బాగా పడిపోయే లేదా ఎగసే విడతలు) వస్తేనే ఆ మాట వాడతారు. డిప్రెషన్ అయితే కనీసం 2 వారాలు, హైపోమానియా (మామూలుకు మించిన హుషారు) అయితే కనీసం 4 రోజులు ఉండాలి. నేనేమో గంటలు లెక్కపెడుతూ కూర్చున్నాను! తీరా పాత క్యాలెండర్ ముందేసుకుని గుర్తుచేసుకుంటే ఏడాదిలో 5 తేలాయి. అంటే పేరు సరిపోయింది, నా లెక్కే తప్పు.

ఇన్నిసార్లు ఎందుకొస్తున్నాయో చూద్దామని డాక్టర్ థైరాయిడ్ పరీక్ష రాస్తే టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది, అంటే థైరాయిడ్ మందగించిందన్నమాట. మూడ్ నిలకడగా ఉండటానికి వాడు వేసుకునే లిథియం అనే మందు వల్ల కూడా థైరాయిడ్ మందగించవచ్చట. థైరాయిడ్‌కు మాత్ర మొదలైంది, లిథియం ఆపలేదు. డిప్రెషన్ మాత్ర మాత్రం మెల్లగా తగ్గిస్తున్నారు, కొందరిలో అదే మూడ్‌ను ఎగదోస్తుందట. రోజూ నిద్ర గంటలు తనే నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. అమ్మ ఇంకా దిష్టి తీస్తూనే ఉంది.