మొదటి ఐపీ, చివరి ఐపీ తెలిస్తే మధ్యలో ఎన్ని అడ్రసులున్నట్టు?

కొత్త_అడ్మిన్:
మా ఫైర్‌వాల్ నియమాల్లో ఒక రేంజ్ ఉంది: 10.20.4.200 నుంచి 10.20.6.55 వరకు. ఇందులో మొత్తం ఎన్ని అడ్రసులు? దీన్ని ఒకే ప్రిఫిక్స్‌గా, అంటే 10.20.4.0/24 లాంటి రూపంలో (32 బిట్లలో మొదట ఎన్ని మారవో స్లాష్ తర్వాతి అంకె చెబుతుంది), రాయవచ్చా?

రాత్రి_డ్యూటీ:
366. మొత్తం 368లో నెట్‌వర్క్ అడ్రసు (మొదటిది) ఒకటి, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే చివరిది) ఒకటి తీసేయాలి. సబ్‌నెట్ల (నెట్‌వర్కులో విడదీసిన భాగాల) లెక్కలో మొదటి పాఠమే ఇది.

బిట్_లెక్క:
ఎందుకు తీసేయాలి? ఆయన అడిగింది రేంజ్ గురించి, సబ్‌నెట్ గురించి కాదు. మూడో భాగం 4 నుంచి 6కు పెరిగింది కాబట్టి రెండు 256లు, అంటే 512. నాలుగో భాగంలో 55లోంచి 200 తీస్తే మైనస్ 145. మిగిలింది 367. రెండు కొసలూ లెక్కలోకి వస్తాయి కనుక ఒకటి కలిపితే 368. అంతే.

రాత్రి_డ్యూటీ:
10.20.4.255ను, 10.20.5.0ను ఏ యంత్రానికైనా ఇస్తారా? కాగితం మీద కూడికలు వేరు, నెట్‌వర్కు నడపడం వేరు.

పాత_రూటర్:
నిక్షేపంగా ఇస్తారు. అడ్రసులను క్లాస్ ఏ, బీ, సీ అని స్థిరమైన సైజుల్లో లెక్కపెట్టే రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, నా మాట నమ్మండి. 1993లో సైడర్ (CIDR, క్లాసులు వదిలి ఏ పొడవు ప్రిఫిక్స్‌తోనైనా విభజించే పద్ధతి) వచ్చింది, ఆ అలవాటు మాత్రం కొందరిని వదలలేదు. చివర 255 ఉంటే బ్రాడ్‌కాస్ట్ అనే సూత్రం /24కు సరే. 10.20.4.0/22లో బ్రాడ్‌కాస్ట్ 10.20.7.255 ఒక్కటే, మీరు చెప్పిన రెండూ మామూలు అడ్రసులే. రెండు రూటర్ల మధ్య లింకుకు /31 ఇస్తే ఉన్న రెండూ వాడుకోవచ్చని ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3021 చెబుతోంది. మీ లెక్కన అక్కడ మిగిలేది సున్నా!

రాత్రి_డ్యూటీ:
/31 సంగతి ఇక్కడ ఎవరడిగారు? చివర 0 ఉన్న అడ్రసు ఇస్తే ప్రింటరు మొరాయించడం కళ్లారా చూశాను.

బిట్_లెక్క:
అది ఆ ప్రింటరు సాఫ్ట్‌వేర్‌లోని లోపం. దానికోసం లెక్క మారదు.

మేఘ_సేవ:
మీరింకా రెండు దగ్గరే ఉన్నారు. అమెజాన్ క్లౌడ్‌లో ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదు అడ్రసులు వాళ్లే అట్టిపెట్టుకుంటారు. /28 తీసుకుంటే 16లో మనకు దక్కేవి 11.

కోడ్_శ్రద్ధ:
ఈ లెక్కకు ప్రోగ్రామ్ రాసేవాళ్లు జాగ్రత్త. జావాస్క్రిప్ట్‌లో 1 << (32 - ప్రిఫిక్స్) అని రాస్తే /1కు మైనస్ 2147483648 వస్తుంది. /0కు 4294967296 రావాలి, వచ్చేది 1. ఆ ఆపరేటర్ 32 బిట్లు దాటి చూడదు. 2 ** (32 - ప్రిఫిక్స్) అని రాయండి.

కొత్త_అడ్మిన్:
నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

పాత_రూటర్:
ఒకే ప్రిఫిక్స్‌లో ఇమడదు, 368 అనేది 2కు ఘాతం కాదు కదా. మొత్తాన్ని కప్పాలంటే /22 రాయాలి, అంటే 1024 అడ్రసులకు దారి తెరిచినట్టే. ఫైర్‌వాల్‌లో అలా రాస్తే నేను ఒప్పుకోను. ముక్కలు చేయండి: 10.20.4.200/29, 10.20.4.208/28, 10.20.4.224/27, 10.20.5.0/24, 10.20.6.0/27, 10.20.6.32/28, 10.20.6.48/29. కూడి చూసుకోండి: 8, 16, 32, 256, 32, 16, 8.

రాత్రి_డ్యూటీ:
మరి ఈ ఏడింటిలో ఒక్కోదానికి రెండేసి చొప్పున తీయాలి కదా?

బిట్_లెక్క:
ఒక్కటి కూడా తీయకూడదు. ఫైర్‌వాల్ వచ్చిన ప్యాకెట్ అడ్రసును నియమంతో పోల్చి చూస్తుంది, అంతేగాని ఎవరికీ అడ్రసు కేటాయించదు.